వెలుగుకు తూకపురాయి

పిల్లలూ! ఈ నెల మిమ్మల్ని ముత్తుకూరు తీసుకుపోతాను. నెల్లూరు నుంచి కృష్ణపట్నం రేవుకు పోయే దారిలో ఉంది ఆ ఊరు. అక్కడ మా అక్కయ్య కాపురం ఉంటుంది. మా బావగారికి రెండు రొయ్యల చెరువులున్నాయి. అక్కయ్య పిల్లలిద్దరూ ఎనిమిదో తరగతీ, ఆరో తరగతీ చదువుతున్నారు. ఇంట్లో వాళ్ళను అబ్బయ్య అనీ, అమ్మణ్ణి అనీ పిలుస్తారు. మనమూ అలాగే పిలుద్దాం.

నేను వెళ్ళిన మర్నాడు తెల్లవారుజామున బావగారి చెరువులో పట్టుబడి. వలలు లాగేవాళ్ళూ, ఐసు కొట్టేవాళ్ళూ, లారీ పక్కన కాటా పెట్టుకుని వ్యాపారీ, అంతా తిరునాళ్ళలాగా ఉంది. మొదటి బుట్ట కాటా మీద పెట్టబోతుంటే బావగారు చెయ్యి అడ్డం పెట్టారు. జీపులోనుంచి ఇరవై కిలోల ఇనపరాయి దింపించి, దాన్ని కాటా మీద పెట్టించారు. కాటా 19.8 చూపించింది!

వ్యాపారి నవ్వేసి, “రాత్రి మంచుకు అట్లా ఉంటుందిలే అన్నా” అంటూ ఏవో మీటలు నొక్కి సరిచేశాడు. ఇరవై కిలోలకు రెండువందల గ్రాములంటే, నాలుగు టన్నుల పట్టుబడికి నలభై కిలోలు. ఆ నలభై కిలోల సొమ్ము ఎవరి జేబులోకి పోయి ఉండేదో మీరే ఆలోచించండి.

అబ్బయ్యకు వెంటనే ఒక ధర్మసందేహం వచ్చింది. “నాయనా, కాటా తప్పని రాయి చెప్పింది. మరి రాయి సరైనదని ఎవరు చెప్పారు?” అన్నాడు.

“దాని మీద ముద్ర చూడరా, తూనికలు కొలతలవాళ్ళు వేశారు” అన్నారు బావగారు.

“వాళ్ళ దగ్గరున్న రాయి సరైనదని ఎవరు చెప్పారు?”

బావగారికి పట్టుబడి తొందర. “మీ మామనడుగు” అని వాణ్ణి నామీదికి తోలారు.

చెప్పాను. తూనికలవాళ్ళ రాయిని రాష్ట్రంలో ఉండే ఇంకా మంచి రాయితో సరిచూస్తారు. దాన్ని ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో ఉన్న దానితో సరిచూస్తారు. అక్కడ గాజుబుడ్ల కింద భద్రంగా ఒక కిలో దిమ్మ ఉంది. ప్లాటినమూ, ఇరిడియమూ కలిపి చేసింది. దాని నెంబరు 57. అటువంటి దిమ్మలన్నిటికీ తల్లి పారిస్ దగ్గర సెవ్ర అనే ఊళ్ళో ఉంది. మన దేశంలో 1958 నుంచి సేర్లూ వీశెలూ పోయి కిలోలు వస్తూ, 1962 నాటికి దేశమంతటా అవే చెల్లుబాటయినాయి. అప్పటినుంచీ మన ఊరి కొట్లోని రాయికీ పారిస్ దిమ్మకీ చుట్టరికం కలిసింది. 2019లో ఆ తల్లి దిమ్మకు కూడా పదవీవిరమణ అయింది. ఎప్పుడూ మారని ఒక ప్రకృతి సంఖ్య దాని స్థానంలోకి వచ్చింది. అది వేరే కథ, మరో నెల చెప్పుకుందాం.

ఈ రాయి గొడవ ఆ పూటతో అయిపోయిందనే అనుకున్నాను. కాలేదు.

మర్నాడు బావగారు రొయ్యపిల్లకు చెప్పి రావటానికి సముద్రపొడ్డున ఉన్న ఒక హేచరీకి బయలుదేరారు. ఆదివారం గనక పిల్లలూ, నేనూ జీపెక్కాం. ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఒకటి 1991 నుంచీ ఉంది. దాని ముందునుంచి పోతుంటే బావగారు పాత రోజులు చెప్పసాగారు. 1994 నుంచి తెల్లమచ్చ తెగులు వచ్చి ఈ కోస్తా చెరువులను ఊడ్చిపెట్టేసిందట. సాయంత్రం బాగానే ఉన్న చెరువులో రొయ్యలు వారం తిరక్కుండా గట్లవెంట తేలిపోయేవట. అప్పుల్లో మునిగినవాళ్ళు ఎందరో. అందుకనే ఇప్పుడు పిల్ల కొనేముందు పరీక్షలు చేయిస్తారు. హేచరీలవాళ్ళు కూడా సముద్రపు నీటిని ఇసుకలో వడగట్టి, మందు వేసి, చివర ఒక ఉక్కు గొట్టంగుండా పంపి గాని పిల్లల తొట్లలోకి వదలరు.

ఆ ఉక్కు గొట్టమే ఈ నెల మన కథానాయకుడు.

గొట్టం లోపల ట్యూబులైటు లాంటి దీపం ఉంటుంది. దాని చుట్టూ స్ఫటికపు తొడుగు. తొడుగుకూ ఉక్కుకూ మధ్య ఉన్న సందులోంచి నీళ్ళు పోతుంటాయి. ఆ దీపంలోనుంచి వచ్చేది అతినీలలోహిత కాంతి. అది తగిలితే నీళ్ళలోని సూక్ష్మజీవుల లోపలి నిర్మాణం చెడిపోయి, అవి సంతానం పెంచుకోలేకుండా అయిపోతాయి.

అతినీలలోహితం అంటే ఏమిటో కొంచెం చూద్దాం. ఇంద్రధనుస్సులో ఒక కొసన ఎరుపు, రెండో కొసన ఊదా. 1801లో జర్మనీలో యోహాన్ రిట్టర్ అనే యువకుడు వెండి లవణం పూసిన కాగితాన్ని పట్టకంనుంచి వచ్చే రంగుల మీద పెట్టాడు. వెలుగు తగిలితే ఆ లవణం నల్లబడుతుంది. ఎరుపు దగ్గర ఆలస్యంగా, ఊదా దగ్గర త్వరగా నల్లబడింది. ఊదా దాటిపోయాక, కంటికి ఏమీ కనిపించని చీకటిచోట అన్నిటికన్నా త్వరగా నల్లబడింది! అక్కడ ఏదో వెలుగున్నదన్నమాట. మన కన్నే దాన్ని చూడలేదు.

వెలుగు అలలను కొలవటానికి నానోమీటరు అనే కొలత ఉంది. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఊదారంగు అల సుమారు 400 నానోమీటర్లు. అంతకన్నా పొట్టి అలలతో అతినీలలోహితం మొదలవుతుంది. అల పొట్టి అయినకొద్దీ దెబ్బ గట్టిది. సూర్యుడిలోనుంచి బయలుదేరిన వాటిలో 290 కన్నా పొట్టివి నేలను చేరవు. దారిలో ఓజోను అనే వాయువు మింగేస్తుంది. హేచరీ గొట్టంలో దీపం ఇచ్చేది 254. అంటే సూర్యుడు కూడా మనకు పంపలేని వెలుగును ఆ గొట్టంలో తయారుచేస్తున్నారు! ఆ దీపాన్ని మూత లేకుండా ఎప్పుడూ చూడకూడదు. కళ్ళకు నిప్పురవ్వ పడ్డంత బాధ చేస్తుంది. చర్మం కందిపోతుంది.

హేచరీకి పోయేసరికి అక్కడ పెద్ద వాదన జరుగుతున్నది. దీపం తీసి తొడుగు శుభ్రం చేస్తున్నారు. దీపం పని బాగా చేస్తున్నదో లేదో చూసేందుకు వాళ్ళ దగ్గర పాత మీటరొకటుంది. కిందటి వారమే కొత్తది కొన్నారు. ఒకే దీపం ముందు, ఒకే దూరంలో పెడితే పాతది 90 అన్నది, కొత్తది 60 అన్నది!

“పాతది ఎన్నేళ్ళనుంచో వాడుతున్నాం సార్, దాన్నే నమ్మాలి. కొత్తది అంగడివాడు అంటగట్టిన సరుకు” అన్నాడు సూపర్వైజరు.

యజమాని తల గోక్కున్నాడు. “కిందటి నెల రెండు తొట్ల పిల్ల పోయింది. ఎందుకు పోయిందో తెలియలేదు” అన్నాడు బావగారితో.

అప్పుడు అబ్బయ్య నా చెయ్యి పట్టుకు లాగి, “మామా, దీనికి రాయి ఏది?” అన్నాడు.

చూశారా వాడి ప్రశ్న! కాటా తప్పు చూపిస్తే ఇనపరాయి ఎత్తి పెట్టాం. వెలుగుకు ఇనపరాయి ఎక్కడినుంచి తెస్తాం? పోనీ కంటితో చూసి, ఇది ఎక్కువ, ఇది తక్కువ అనుకుందామా అంటే ఆ వెలుగు కంటికే కనబడదాయె. దీపం నీలంగా వెలుగుతూనే ఉంటుంది, కాని ఆ నీలం వేరు, పనిచేసే 254 వేరు. ఏడాది పాటు వెలిగిన దీపంలో నీలం అట్లాగే ఉండి, అసలు సరుకు బాగా తగ్గిపోవచ్చు. అప్పు తీర్చలేనివాడు చిరునవ్వు మాత్రం మానడు చూడండి, అటువంటిదే.

మీటరు ఎలా పనిచేస్తుందో చెబితేగాని తక్కిన కథ మీకు బోధపడదు. మీటరు మొహాన ఒక జల్లెడ గాజు ఉంటుంది. అది కావలసిన అలలను మాత్రం లోపలికి రానిచ్చి, తక్కినవాటిని ఆపాలి. లోపల ఒక చిన్న బిళ్ళ, తనమీద పడ్డ వెలుగును కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటును లెక్కపెట్టి అంకె చూపిస్తారు. ఇంతే. కాని ఆ బిళ్ళ వట్టి వెర్రిబాగులది. ఏ వెలుగు పడినా కరెంటు పుట్టిస్తుంది, ఇది నీలం, ఇది అతినీలలోహితం అని దానికి తెలియదు. వాకిట్లో కాపలా కాసే జల్లెడ గాజు మీదే భారమంతా. ఆ గాజు ముసలిదైతే? ఏ వెలుగును కొలవాలో ఆ వెలుగే దాన్ని రోజూ కొంచెం కొంచెం పాడుచేస్తుంటుంది. అన్నం తూచేకొద్దీ అరిగిపోయే తూకపురాయిలాంటిది!

నేనీ సంగతి చెబుతుంటే అమ్మణ్ణి కిటికీకేసి చూస్తున్నది. “మామా, కిటికీ అద్దంలోంచి ఆ పొట్టి అలలు రావన్నావు గదా జీపులో?” అన్నది.

అన్నాను. మామూలు గాజు 254ను బొత్తిగా రానివ్వదు. అందుకే దీపానికి గాజు తొడుగు కాకుండా స్ఫటికపు తొడుగు వేస్తారు.

“అయితే మీటరుకు ముందు అద్దం ముక్క పెడితే సున్న చూపించాలి గదా!”

నాకు తట్టలేదు సుమండీ ఆ మాట. యజమాని వెంటనే ఒక ఫోటో చట్రంలోనుంచి అద్దం తీయించాడు. మమ్మల్నందర్నీ గదిలోనుంచి బయటికి పంపేసి, సూపర్వైజరు కళ్ళజోడూ, ముఖానికి కవచమూ, చేతి తొడుగులూ వేసుకుని లోపలికి పోయాడు. తలుపు వేసుకుని అంకెలు ఒక్కొక్కటే అరిచి చెప్పాడు.

“కొత్తది, అద్దంతో, సున్న!”

“పాతది?”

కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా, “ఇరవై ఎనిమిది సార్” అన్నాడు.

బోధపడింది గదా! అద్దం అసలు వెలుగును పూర్తిగా ఆపేసినా పాత మీటరు 28 చూపిస్తున్నది. ఆ 28 దీపంలోని మామూలు నీలం వెలుగు, జల్లెడ గాజు ముసలిదై లోపలికి వదిలేసిన దొంగ వెలుగు. 90లోనుంచి 28 తీసేస్తే 62. అద్దం నీలాన్ని కూడా కొంచెం ఆపుతుంది గనక నిజం ఇంకొంచెం తక్కువ ఉంటుంది. ఇంచుమించు కొత్త మీటరు మాటే!

సూపర్వైజరు బయటికి వచ్చి అమ్మణ్ణికి బెల్లపు జీడి ఇచ్చాడు. మంచివాడే. పాత మీటరును అంతగా నమ్మటంలో అతని తప్పేమీ లేదు, అది ఇన్నాళ్ళూ ఒక్కనాడూ మొరాయించలేదు మరి. మొరాయించే పరికరాన్ని అందరూ అనుమానిస్తారు. అబద్ధం కూడా నింపాదిగా చెప్పే పరికరాన్ని ఎవరూ అనుమానించరు.

ఇప్పుడు లెక్క చూడండి. సూక్ష్మజీవికి తగిలే దెబ్బ అంటే వెలుగు బలాన్ని అది తగిలిన కాలంతో హెచ్చవేసినది. తాగేనీటిని శుభ్రపరిచే గొట్టాలకు చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్ళ దెబ్బ ఉండాలని చాలాచోట్ల నియమం పెట్టుకున్నారు. బలం 90 అనుకుని నీళ్ళు ఒక వేగంతో వదిలారు. నిజానికి బలం 60 అయితే దెబ్బ మూడింట రెండు వంతులే పడింది. సరిగా పడాలంటే నీళ్ళు కూడా మూడింట రెండు వంతుల వేగంతోనే పోవాలి, లేకపోతే దీపం మార్చాలి. ఆ పూటే కొళాయి కొంచెం కట్టేశారు. రెండు తొట్ల పిల్ల పోయింది ఇందువల్లనే అని మాత్రం ఎవరూ అనలేం. పిల్ల పోవటానికి నూరు కారణాలుంటాయి.

తిరిగి వచ్చేటప్పుడు అబ్బయ్య మాట్లాడలేదు. కాసేపటికి, “చెల్లెలు పాతదాని దొంగతనం పట్టుకుంది. కాని కొత్తది చెప్పే 60 నిజంగా 60 అని ఎట్లా తెలుస్తుంది?” అన్నాడు. వీడు పెద్దయ్యాక ప్లీడరైనా అవుతాడు, శాస్త్రజ్ఞుడైనా అవుతాడు.

వెలుగుకూ రాయి ఉంది పిల్లలూ. అది ఒక దీపం. వెయ్యి వాట్ల బల్బు. ప్రయోగశాలలో నల్లరంగు వేసిన గదిలో దాన్ని బిగించి, సరిగ్గా 50 సెంటీమీటర్ల దూరంలో మీటరు పెడతారు. దూరం ఎందుకంత ముఖ్యమంటే, దీపం రెండింతల దూరం జరిగితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. వేలెడు తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. బల్బులో పోయే కరెంటు కూడా కదలకూడదు. కరెంటులో వందకు ఒక వంతు తేడా వస్తే, ఆ బల్బు ఇచ్చే అతినీలలోహితంలో దాదాపు వందకు పది వంతుల తేడా వస్తుంది! అది ఎన్ని గంటలు వెలిగిందో పుస్తకంలో రాసుకుంటారు. ఊరికే వెలిగించరు. వెలిగినకొద్దీ అరుగుతుంది గనక, దాని కన్న పెద్ద దీపంతో మళ్ళీ సరిచూడాలి. మన దేశంలో ఇటువంటి కొలతలన్నిటికీ పెద్దదిక్కు ఆ ఢిల్లీ లేబరేటరీయే.

ఆ దీపాలన్నిటికీ తల్లి ఏమిటనుకున్నారు? ఒక పొయ్యి! సుమారు 3000 డిగ్రీల వేడిలో కాగే గుల్ల, దానికి ఒక చిన్న కంత. ఆ కంతలోనుంచి ఏ రంగు వెలుగు ఎంత వస్తుందో దాని వేడినిబట్టి లెక్కగట్టి చెప్పేయవచ్చు. 1900లో మాక్స్ ప్లాంక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆ సూత్రం కనిపెట్టాడు. గుల్ల దేనితో చేశారు, ఎవరు చేశారు అన్నదానితో పనిలేదు. వేడి తెలిస్తే చాలు. కాబట్టి ఆ పొయ్యికి మళ్ళీ ఇంకో రాయి అక్కరలేదు.

అబ్బయ్య దానికి తృప్తిపడ్డాడు. కాని అమ్మణ్ణి ఆకాశంకేసి చూసి, “ఎండను కొలిచే మీటర్లకూ ఇదే దీపమా?” అన్నది.

మంచి ప్రశ్న. ఎండలోని అతినీలలోహితాన్ని కొలవటం ఇంకా చిక్కు. పరికరం ఏళ్ళతరబడి మిద్దెమీద ఎండకూ వానకూ ఉండాలి. ముత్తుకూరులాంటి చోట సముద్రపు గాలికి దాని గాజు గుమ్మటం మీద ఉప్పుపొర పట్టి, తుడవకపోతే ఎండ తగ్గిందని చెబుతుంది! ఎండ అసలు తగ్గదు సరిగదా, ఏప్రిల్ చివరా, మళ్ళీ ఆగస్టు 14, 15 తేదీల ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు ముత్తుకూరు నడినెత్తికి వస్తాడు. ఆగస్టు 15న బడిలో జెండా ఎగరేస్తారు గదా, పన్నెండుంబావు వేళ ఆ జెండా కొయ్య దగ్గరకు పోయి చూడండి. దాని నీడ దాని మొదట్లోనే ఉంటుంది. అటువంటి రోజుల్లో మబ్బు లేకపోతే ఎండ సూచిక 11 దాటవచ్చు. ఆ లెక్కలో 11, అంతకు పైన అంటే అన్నిటికన్నా పెద్ద మెట్టు.

ఆక్స్‌ఫర్డులో గోర్డన్ డాబ్సన్ అనే ఆయన 1920ల్లో ఆకాశంలో ఓజోను ఎంతుందో కనుక్కునే పరికరం తయారుచేశాడు. ఉపాయం చాలా తేలికైనది. ఓజోను బాగా మింగే అతినీలలోహిత కిరణం ఒకటీ, అంతగా మింగని కిరణం ఇంకొకటీ పట్టుకుని రెంటినీ పోల్చి చూడటం. 1928, 29 ప్రాంతంలో ఆయన పరికరాలు ప్రపంచంలో నాలుగు మూలలకు పోయాయి. వాటిలో ఒకటి మన కొడైకెనాల్ కొండమీదికి వచ్చింది. ఫోటో పలకలు ఎక్కడివక్కడ కడిగి చూసుకుంటే ఒక్కొక్క చోట ఒక్కొక్క తప్పు వస్తుందని, అన్నిటినీ ఆక్స్‌ఫర్డుకే తెప్పించి ఒకేచోట కడిగి కొలిచేవాడు. రాయి ఒక్కటే ఉండాలని ఆయన పట్టుదల.

ఇప్పటి డాబ్సన్ పరికరాలకు పెద్దది అమెరికావాళ్ళ దగ్గరున్న 83వ నెంబరుది. దాన్ని దేనితో సరిచూస్తారు? సూర్యుడితోనే! హవాయి దీవిలో మౌనా లోవా అనే కొండమీద, సుమారు 3400 మీటర్ల ఎత్తున పెట్టి, పొద్దున్నించీ కొలుస్తూ పోతారు. పొద్దున సూర్యుడు వాలుగా ఉంటాడు గనక వెలుగు ఎక్కువ గాలిలోంచి వస్తుంది. పైకి వచ్చినకొద్దీ గాలి పొర తగ్గుతుంది. ఇది పంచె మడతల లెక్క. టార్చిలైటుకు అడ్డంగా మూడు మడతలు పెడితే వెలుగు 10, రెండు మడతలకు 20, ఒక మడతకు 40 వచ్చిందనుకోండి. పంచె తీసేస్తే ఎంత? మీరు అప్పుడే 80 అనేశారు! అట్లాగే గాలి అనే పంచెను తీయకుండానే, తీసేస్తే ఎంత వస్తుందో కట్టేస్తారు. శామ్యూల్ లాంగ్లీ అనే అమెరికన్ పేరుతో ఈ పద్ధతి చెల్లుతున్నది. పెద్ద పరికరం సరి అయ్యాక, దేశదేశాల పరికరాలు పెట్టెల్లో ప్రయాణాలు చేసి ఒకచోట పక్కపక్కన నిలబడి ఒకే సూర్యుణ్ణి చూస్తాయి. ఎవరి అంకె ఎంత తేడాయో రాసుకుని ఇంటికి పోతాయి.

మన దేశంలో ఈ పట్టుదల ఉన్న మనిషి అన్నా మాణి. కేరళలో పీర్మేడులో 1918లో పుట్టింది. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంట్లోవాళ్ళు వజ్రాల కమ్మలు ఇవ్వబోతే వద్దని, విజ్ఞానసర్వస్వం పుస్తకాలు కొనివ్వమని అడిగిందట. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, బెంగుళూరులో సి.వి. రామన్‌గారి దగ్గర వజ్రాలనే పరిశోధించింది, చెవులకు పెట్టుకోకుండా! 1948లో వాతావరణ శాఖలో చేరి, పూనాలో దాదాపు వంద రకాల పరికరాలకు ఒకే కొలతల నమూనాలు గీయించి, ఇక్కడే తయారుచేయించింది. 1957, 58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరానికి దేశమంతా ఎండను కొలిచే కేంద్రాలు నెలకొల్పింది. ఓజోనును బెలూనులో పంపి కొలిచే పరికరం కూడా ఆమె ఆధ్వర్యాన తయారయింది. సరిచూడని పరికరం పంపటం ఆమెకు గిట్టేది కాదు.

ఇంత గొడవ ఎందుకంటారా? రెండు సంగతులు చెబుతాను, చూడండి.

దక్షిణధ్రువం దగ్గర హాలీ బే అనే చోట ఇంగ్లీషువాళ్ళు 1950ల చివరినుంచీ డాబ్సన్ పరికరంతో కొలుస్తున్నారు. అక్కడి వసంతంలో, అంటే అక్టోబరులో, ఓజోను 300 ఉండేది. పోనుపోను తగ్గి, 1984 నాటికి 200కు దిగువకు వచ్చింది. జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అనే ముగ్గురు ఆ అంకెలు చూసి ముందు అనుమానించింది ఆకాశాన్ని కాదు, తమ పాత పరికరాన్ని. సరిచూసిన ఇంకో పరికరాన్ని అక్కడికి పంపారు. అదీ అదే మాట చెప్పింది. అప్పుడుగాని, 1985 మేలో, లోకానికి చెప్పలేదు. అదే ఓజోను రంధ్రం. రెండేళ్ళకు, 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో కొన్ని దేశాలు ఒడంబడిక చేసుకుని, ఓజోనును తినే వాయువులను మానటం మొదలుపెట్టాయి.

రెండో సంగతి అమెరికాది. అక్కడ 1974 నుంచి 1985 దాకా ఎండలోని అతినీలలోహితాన్ని కొలిచిన మీటర్లు, అది ఏటేటా తగ్గుతున్నదని చూపించాయి. 1988లో ఆ అంకెలు అచ్చయినాయి. ఓజోను తగ్గుతుంటే అది పెరగాలి గాని తగ్గటమేమిటి? కొందరికి తికమక. ఇంకొందరికి, ఇంతోటి దానికి భయమెందుకనే ధీమా. 1997లో ఆ లెక్కలన్నీ తిరిగి తోడి చూస్తే, 1980 ప్రాంతంలో చాలాచోట్ల అంకెలు ఒక్కసారిగా మెట్టు దిగినట్టు కనబడింది. అది ఎండ దిగిన మెట్టు కాదు, మీటర్ల నిర్వహణలో వచ్చిన మార్పు తాలూకు మెట్టు. ఆ మెట్టును లెక్కలోకి తీసుకుంటే, తగ్గిందని నొక్కి చెప్పటానికి ఆధారం లేదు. పన్నెండేళ్ళు మనుషులు రోజూ శ్రద్ధగా రాసిన అంకెలే అవి!

నేను ఊరు వచ్చిన నెలకు అక్కయ్య దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. హేచరీవాళ్ళు కొత్త మీటరును సరిచూడటానికి పంపారట. కాగితం వచ్చిందట. దాని మీద “సరిగా ఉన్నది” అని ఉంటుందని అబ్బయ్య అనుకున్నాడట. అలా లేదు. ఇది 60 చూపినప్పుడు నిజంగా 57 అనీ, ఆ 57 కూడా అటూ ఇటూ ఇంత ఉండవచ్చుననీ, ఏ దీపంతో చూశారో, ఏ తేదీన చూశారో, అన్నీ ఉన్నాయట. “ఎంత తప్పో రాసిచ్చారు మామా! అట్లాంటప్పుడు అది మంచి మీటరేనా?” అని వాడు ఉత్తరం కింద రాశాడు. మంచిదేరా అబ్బయ్యా. ఎంత తప్పో తెలిసినది మంచిదే.

అమ్మణ్ణి తన సొంత మీటరు చేస్తున్నదట. మీరూ చెయ్యవచ్చు. ఒకే పాత వార్తాపత్రికలో ఖాళీగా ఉన్న అంచును ఒకే వెడల్పు ముక్కలుగా కత్తిరించండి. ఒకటి ఎండలో ఒక రోజు, ఇంకొకటి రెండు రోజులు, మూడోది నాలుగు రోజులు, నాలుగోది ఎనిమిది రోజులు పెట్టి, వెనక తేదీలు రాయండి. పసుపుపచ్చదనం మెట్లు మెట్లుగా వస్తుంది. ఇవే మీ తూకపురాళ్ళు. ఇక వేరే ముక్కలు ఒకటి కిటికీ అద్దం వెనకా, ఒకటి చెట్టునీడలో, ఒకటి వాకిట్లో పెట్టి, మీ మెట్లతో పోల్చండి. కాగితాన్ని మార్చేది అతినీలలోహితం ఒక్కటే కాదు, నీలం వెలుగు కూడా కొంత. అద్దం వెనక ముక్క ఎంత మారిందో చూస్తే ఆ సంగతి మీకే తెలుస్తుంది. మబ్బు రోజులు వేరే రాసుకోండి.

అమ్మణ్ణి మొదటి మెట్లన్నీ పాడైపోయాయట. వాటిని బల్లమీద, కిటికీ పక్కన పెట్టింది. వారం తిరిగేసరికి ఒకరోజు ముక్కా నాలుగురోజుల ముక్కా ఒక్కలాగే అయిపోయాయి. ఇప్పుడు కొత్తవి చేసి, మూత గట్టిగా ఉన్న బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాను అక్కయ్య బియ్యపు డ్రమ్ము వెనక దాచిందట. ఎవరూ తీయకుండా పైన తూనికలవాళ్ళ ముద్ర లాగా ఒక సిరాముద్ర కూడా వేసిందని అబ్బయ్య ఫిర్యాదు చేశాడు. మీ మెట్లు ఎలా వచ్చాయో ఈ పేజీకి రాసి పంపండి. తేదీలు వెయ్యటం మరిచిపోకండి.